ఒకే మన్ను, రెండు ఉప్పులు

నీరు, నిప్పు, ఉప్పు: పదార్థం రూపు మారిన కథ – 7వ భాగం

గత భాగంలో మద్రాసు రేవు దగ్గర ఆగాం. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా చెరువుల మీద కోయించిన మంచు దిమ్మలు రంపపు పొట్టు కప్పుకుని మహాసముద్రాలు దాటి రావడం, వాటిని దాచడానికి 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ లేవడం చూశాం. ఆ మంచు కథ చెప్పుకుంటూనే నీటికి ఒక పటం గీసుకున్నాం. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పీడనం. పటంలో మూడు ఇలాకాలు: మంచు, నీరు, ఆవిరి. రసాయన శాస్త్రం వీటిని ప్రావస్థలు అంటుంది. ఇలాకా లోపల ఎటు కదిలినా రూపు మారదు. సరిహద్దు గీత మీద మాత్రం రెండు రూపాలు పక్కపక్కనే బతుకుతాయి. మూడు గీతలూ కలిసే చోటు ఒక్కటే ఉంది. 0.01 డిగ్రీల సెల్సియస్ వేడి, మామూలు గాలి పీడనంలో 166వ వంతు పీడనం. మంచు, నీరు, ఆవిరి మూడూ నిలకడగా కలిసి ఉండగలిగేది అక్కడే. మరిగే గీత మాత్రం 374 డిగ్రీల దాకా వెళ్లి, 218 రెట్ల గాలి పీడనం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత నీటికీ ఆవిరికీ తేడా ఉండదు.

ఒక పాఠకుడు రాశారు: ఈ పటం అంతా బాగుంది, కానీ నీళ్లలో ఇంకొకటి కలిస్తే ఏమవుతుంది అని. అసలు లోకంలో ఒంటరి నీరు ఎక్కడ దొరుకుతుంది? బావి నీళ్లలో సున్నం ఉంటుంది, సముద్రంలో ఉప్పు ఉంటుంది, చెరువు గట్టు మట్టిలో కూడా ఏదో ఒకటి కరిగి ఉంటుంది. కాబట్టి ఈ వారం రెండో పటం నేర్చుకుందాం. దానికోసం రేవు వదిలి దాదాపు మూడు వందల మైళ్లు లోపలికి, ఎమ్మిగనూరు వైపు నడవాలి.

ఎమ్మిగనూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలోని ఊరు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ రోజు బళ్లారి నుంచి విడిపోయి ఆంధ్రలో కలిశాయి. ఉత్తరాన తుంగభద్ర పారుతున్నా వాన మాత్రం ఏడాదికి 500, 600 మిల్లీమీటర్లే. నల్లరేగడిలో పత్తి, జొన్న పండుతాయి. ఊరికి మగ్గాల పేరు పాతది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి పెట్టిన సహకార సంఘంతో ఆ పేరు దేశమంతా పాకింది. పుష్యమాసంలో నీలకంఠేశ్వరుడి జాతర వస్తే పశువుల సంతకు చుట్టుపక్కల సీమల నుంచి ఎద్దులు తోలుకొస్తారు.

మగ్గం మీద కూర్చున్న మనిషికైనా, కాడి మోసే ఎద్దుకైనా ఉప్పు కావాలి. జొన్న రొట్టె, పచ్చికారం తినే ఇంట్లో డబ్బుపెట్టి బయటినుంచి కొనక తప్పని సరుకుల్లో ఉప్పు ముందుంటుంది. రైలు రాకముందు సముద్రపు ఉప్పు ఈ సీమకు లంబాడీల ఎద్దుల వీపు మీద వచ్చేది. చినగంజాం, కనుపర్తి, ఇస్కపల్లి, కృష్ణపట్నం లాంటి కోస్తా కొఠార్లలో ఉప్పు ఎత్తుకుని, నల్లమల కనుమలు దాటి వారాల తరబడి నడిచి వచ్చేవాళ్లు. పోయేటప్పుడు ఇక్కడి ధాన్యం తీసుకుపోయేవాళ్లు. ఇంత దూరం మోసిన ఉప్పు చవగ్గా ఎలా ఉంటుంది? పేదవాడు కొన్న ఉప్పు చాలావరకు వేరే. అది అతని కాళ్ల కింది నేలలోంచే వచ్చేది.

చౌడు నేల తెలిసిన రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. వానలు వెనకబడి ఎండ ముదిరేకొద్దీ లోపలి తడి పైకి పాకుతుంది, దాంతోపాటు కరిగిన లవణాలూ పైకొస్తాయి. తడి ఎగిరిపోతుంది, లవణం నేల మీద తెల్లగా తేలుతుంది. రైతు ఆ తెలుపు చూసి తల పట్టుకుంటాడు. మన్నులోంచి ఉప్పు తీసే ఉప్పరవాళ్లకు మాత్రం అదే పంట.

ఉప్పరవాళ్ల పని ఎలా సాగేదో బళ్లారి జిల్లా గురించి 1872లో పుస్తకం రాసిన కెల్సాల్, 1904లో గెజిటీర్ రాసిన ఫ్రాన్సిస్ వంటి దొరలు నమోదు చేశారు. ముందు ఎత్తైన మట్టిదిబ్బ ఒకటి. దాన్ని మోడ అనేవాళ్లు. దిబ్బ నెత్తిన గుంత. గీకి తెచ్చిన ఉప్పుమన్ను అందులో పోసి పైనుంచి నీళ్లు పోస్తారు. నీళ్లు మన్ను గుండా దిగుతూ లవణాన్ని కరిగించుకుని, అడుగున పెట్టిన వెదురుగొట్టంలోంచి ధారగా కిందికి వస్తాయి. సారం పోయిన మన్ను దిబ్బ పక్కకే తోసేస్తారు. అందుకే ఏటికేడాది దిబ్బ పెరుగుతుంది. కిందికి దిగిన ఉప్పునీళ్లను గచ్చు పూసి నున్నగా తీర్చిన మడుల్లో పలచగా పరుస్తారు. ఆ తర్వాత పని ఎండది.

ఇక్కడ ఆగి పటం గీద్దాం. గాలి పీడనం ఎటూ మారదు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. నిలువు గీత మీద ఉష్ణోగ్రత రాసుకోండి. అడ్డగీత మీద 100 గ్రాముల నీటిలో ఎంత ఉప్పు ఉందో రాసుకోండి. ఎడమ కొసన మంచినీళ్లు, కుడికి పోయేకొద్దీ ఉప్పన. ఈ కాగితం మీద ఏ చుక్క పెట్టినా అది ఒక మడి పరిస్థితి చెబుతుంది: ఎంత వేడిగా ఉంది, ఎంత ఉప్పగా ఉంది.

ఇప్పుడు ఇలాకాలు. ఎడమవైపు పెద్ద ఇలాకాలో ఉప్పంతా కరిగే ఉంటుంది, కంటికి కనిపించేది నీళ్లే. కుడివైపు ఇలాకాలో ఉప్పునీళ్లూ ఉప్పు పలుకులూ కలిసి ఉంటాయి. రెండింటి నడుమ గీత, ఉప్పు ఇక కరగనని మొరాయించే చోటు. మామూలు ఉప్పుకు ఈ గీత 0 డిగ్రీల దగ్గర సుమారు 36 గ్రాముల మీద ఉంటుంది, 100 డిగ్రీల దగ్గర 39 గ్రాముల మీద. అంటే దాదాపు నిట్టనిలువు గోడ. నీళ్లను ఎంత మరిగించినా ఉప్పు పెద్దగా ఎక్కువ కరగదు, ఎంత చల్లార్చినా పెద్దగా బయటికి రాదు. ఎండకు 40 డిగ్రీల దాకా కాగిన చిక్కటి ఉప్పునీళ్లను రాత్రి 20 డిగ్రీలకు చల్లారనిచ్చినా, 100 గ్రాముల నీటికి ఒక గ్రాము ఉప్పు కూడా అడుగున పడదు.

కాబట్టి ఈ గోడ దాటడానికి పైకీ కిందికీ పోవడం దండగ. అడ్డంగా, కుడివైపుకు నడవాలి. అడ్డంగా నడవడమంటే నీళ్లు పోగొట్టుకోవడం. మడిని లోతుగా కాకుండా పలచగా, వెడల్పుగా పరిచింది అందుకే. ఎండా పొడిగాలీ నీటిని లాగేస్తుంటే మన చుక్క కుడికి జరుగుతూ జరుగుతూ గోడను తాకుతుంది. తాకిన క్షణం నుంచి పలుకులు మొదలు. ఇంకో గమ్మత్తు కూడా ఉంది. ఒకసారి పలుకులు పడడం మొదలయ్యాక ఉప్పునీటి చిక్కదనం ఇక పెరగదు. నీరు ఎంత ఎగిరితే అంత ఉప్పు అడుగుకు దిగుతుంది, మిగిలిన నీళ్లు అదే చిక్కదనంలో నిలబడతాయి. వేడి ఎంతో తెలిస్తే చాలు, ఆ మడిలో నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో రుచి చూడకుండా చెప్పెయ్యొచ్చు.

అరిసెల పాకం పట్టే అమ్మ చేసే పనీ ఇదే. తీగ సాగిందా, ఉండ కట్టిందా అని వేళ్ల మధ్య చూసేటప్పుడు ఆమె పటం మీద తన చుక్క ఎక్కడుందో చూసుకుంటున్నట్టే. నీరు ఎంత తగ్గింది, వేడి ఎంత పెరిగింది, ఈ రెండూ కలిసి పాకం రూపాన్ని తేలుస్తాయి.

ఉప్పు మడిలో ఆఖరి బొట్టు దాకా ఎండనివ్వకూడదు. కోస్తా మడుల్లోనూ ఇదే నియమం. రసాయనవేత్త యూసిగ్లియో 1849లో మధ్యధరా సముద్రపు నీటిని మెల్లగా ఆవిరి చేస్తూ ఏది ఎప్పుడు అడుగున పడుతుందో కొలిచాడు. ముందు సున్నపు లవణం, తర్వాత జిప్సం, నీళ్లు దాదాపు పదో వంతుకు తగ్గినప్పుడు మామూలు ఉప్పు. చివర మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి. అవి కూడా ఎండితే ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తడి పీల్చి కారిపోతుంది. ఏ గీతకు ఏ గీత ముందో తెలిసి, సరైన చోట నీళ్లు వదిలేయడమే ఉప్పు పనివాడి నేర్పు. మన చౌడు మన్నులో లవణాల పాళ్లు సముద్రంలో ఉన్నట్టుండవు, ఊరూరికీ మారతాయి. అందుకని ఇక్కడి పని ఇంకా కష్టం.

ఎందుకు కష్టమంటే, ఆ మన్నులో ఇంకో ఉప్పు దాగి ఉంటుంది: సురేకారం, అదే పెట్లుప్పు.

అది దొరికేది ఇక్కడ: పాత ఊరి దిబ్బలు, పశువులు కట్టేసే చోట్లు, మొండిగోడల మొదళ్లు. పశువుల పేడ, మూత్రం ఏళ్ల తరబడి నానిన మట్టిలో సూక్ష్మజీవులు వాటిలోని నత్రజనిని నైట్రేటుగా మారుస్తాయి. ఆ మట్టిని గీకి, కట్టెబూడిద కలిపి, నీళ్లు పోసి దించితే ఆ నీళ్లలో పొటాషియం నైట్రేటు ఉంటుంది. దానితోపాటు మామూలు ఉప్పు కూడా తప్పకుండా దిగుతుంది. తుపాకీ మందులో నూటికి 75 పాళ్లు సురేకారమే. మిగతాది బొగ్గూ గంధకం. ఆ సురేకారంలో వేరే లవణాలు మిగిలిపోతే మందు తేమ పీలుస్తుంది, అంటుకోదు. 1786లో టిప్పు సుల్తాన్ వచ్చి ముట్టడించి పట్టుకున్న ఆదోని కోట ఎమ్మిగనూరుకు ఎంతో దూరం లేదు. అలాంటి కోటల మీద ఫిరంగి పేలిందంటే, ఎక్కడో ఎవరో రెండు ఉప్పులను శుభ్రంగా విడదీశారన్నమాట.

రెండూ తెల్లటివే, రెండూ నీళ్లలో కరిగేవే. విడదీయడమెలా? దీనికి జవాబు సురేకారం గీతలో ఉంది. మామూలు ఉప్పు గీసిన కాగితం మీదే దీన్నీ గీయండి. 0 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో 13 గ్రాముల సురేకారమే కరుగుతుంది. 20 డిగ్రీలకు 32. 40కి 64. 60కి 110. నీళ్లు మరిగే 100 డిగ్రీల దగ్గర 246 గ్రాములు. ఉప్పు గీత గోడలా నిలబడితే ఈ గీత కుడివైపుకు వాలిపోతూ సాగుతుంది. 20, 25 డిగ్రీల మధ్య రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుతాయి. అంతకంటే చల్లగా ఉంటే ఉప్పు ఎక్కువ కరుగుతుంది, వేడెక్కితే సురేకారం ఎక్కువ కరుగుతుంది.

ఒక పెద్ద బానలో 100 కిలోల నీళ్లు, 100 కిలోల సురేకారం, 30 కిలోల ఉప్పు ఉన్నాయనుకుందాం. పొయ్యి మీద మరిగిస్తూ నీళ్లు సగానికి తెద్దాం. మరుగుతున్న 50 కిలోల నీళ్లు 123 కిలోల సురేకారాన్ని మోయగలవు, మన 100 కిలోలు హాయిగా కరిగే ఉంటాయి. ఉప్పును మాత్రం 20 కిలోలకు మించి మోయలేవు. కాబట్టి వేడి మీదే 10 కిలోల ఉప్పు అడుగున పడుతుంది. గరిటెతో దాన్ని తోడేస్తారు. ఇప్పుడు మిగిలిన నీళ్లలో, ఉప్పు మళ్లీ పడకుండా కాసిని నీళ్లు చేర్చి, రాత్రంతా చల్లారనిస్తారు. తెల్లారేసరికి ఉప్పు నీళ్లలోనే ఉండిపోతుంది. సురేకారం మాత్రం బాన అంచుల వెంట పొడవాటి సూదులుగా కట్టి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ నీళ్లు మోయగలిగేది కొంచెమే, మిగిలిందంతా బయటికి. రెండు లవణాలూ ఒకే బానలో ఉన్నప్పుడు ఒకదాని అంకె ఇంకోదాన్ని కొంత కదిలిస్తుంది. కానీ లెక్క నడిచే దారి ఇదే.

ఉప్పు కోసం పటంలో అడ్డంగా నడవాలి, సురేకారం కోసం నిలువుగా దిగాలి. ఒకదానికి పగటి ఎండ కావాలి, ఇంకోదానికి పొయ్యి మంట, ఆ వెనక రాత్రి చల్లదనం. ప్రావస్థ పటం చదవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే: ఎటు కదిలితే గీత తగులుతుందో తెలుసుకోవడం. ఆ కదలిక తెలిసిన మనుషులు ఈ సీమలో కాగితం మీద పటం పుట్టకముందే ఉన్నారు.

సురేకారానికి ఇంకో గుణం ఉంది, దానికి పోయిన భాగపు మంచుతో చుట్టరికం. అది నీళ్లలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో ఈ చిట్కా లెక్కలతో సహా ఉంది: రెండున్నర సేర్ల సురేకారం, అయిదు సేర్ల నీళ్లు కలిపి, అందులో తాగునీటి కూజాను తిప్పుతూ ఉంటే కూజాలోని నీళ్లు చల్లబడతాయి. వాడిన నీళ్లను ఎండబెడితే సురేకారం మళ్లీ చేతికొస్తుంది. ట్యూడర్ మంచు ఓడలకు రెండున్నర శతాబ్దాల ముందు సంగతి. మామూలు ఉప్పు మంచుతో కలిస్తే అంతకంటే పెద్ద పని చేస్తుంది. మంచు గడ్డల్లో కల్లుప్పు చల్లితే సుమారు మైనస్ 21 డిగ్రీల దాకా చల్లబరచవచ్చు. మన రెండో పటంలో కిందికి పోతే ఇది కనిపిస్తుంది. ఎడమ నుంచి మంచు గీత కిందికి వాలుతూ వస్తుంది, కుడి నుంచి ఉప్పు గీత వస్తుంది. రెండూ మొత్తం ఉప్పునీటిలో నూటికి 23 పాళ్ల ఉప్పు ఉన్నచోట కలుసుకుంటాయి. అంతకంటే కింద ద్రవమే ఉండదు. ఐస్‌క్రీం డబ్బా చుట్టూ మంచూ ఉప్పూ కూరేది ఈ గీత బలం మీదే.

ఇక ఈ కథలో రాజ్యం అడుగుపెడుతుంది.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. 1805లో కుంఫిణీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. కోస్తాలో అది తేలిక. ఉప్పు మడులు నాలుగు చోట్ల ఉంటాయి, చుట్టూ కాపలా పెట్టి, పండిన ఉప్పంతా కొఠారుకు తోలించి, తాము కట్టిన ధరకు అమ్మొచ్చు. మరి ఊరూరా మోడ లేచే దత్త మండలంలో? ఎవరి చౌడు నేల వాళ్లది, ఎవరి దిబ్బ వాళ్లది. అంత మందికి కాపలా ఎక్కడ? దూరం కూడా ఉప్పరవాళ్లనే కాపాడింది. సముద్రపు ఉప్పు లంబాడీ ఎద్దు మీద వచ్చినంతకాలం దాని ధరలో దారి ఖర్చే బోలెడు. మన్ను ఉప్పు చవక.

1871లో ఆ దూరం కూలిపోయింది. మద్రాసు రైలు గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. ఇక కోస్తా ఉప్పు ఆదోని స్టేషన్లో దిగొచ్చు. ఉప్పు పన్ను మీద బతికే ఖజానాకు అప్పటినుంచి మన్ను ఉప్పు కంటిలో నలుసయింది. పన్ను కట్టని ప్రతి సేరూ తమ ఆదాయానికి గండి అని లెక్కలు వేశారు. మన్ను ఉప్పు శుభ్రమైంది కాదన్న వాదన కూడా జోడించారు. చేదు లవణాలు కలిసిన నాసిరకం ఉప్పు ఉండేదన్నది నిజమే. కానీ ఉప్పును శుభ్రపరిచే దారి చూపించడం ఒకటి, పొయ్యి ఆర్పించడం ఒకటి. సర్కారు రెండో దారి పట్టింది.

ఆ లోపలే కరవు వచ్చింది. 1876లో వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ మహాక్షామంలో బాగా చితికిన జిల్లాల్లో బళ్లారి ముందు వరసలో ఉంది. 1871కీ 1881కీ మధ్య జిల్లా జనాభా పెరగకపోగా పడిపోయింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ సర్కారు తరఫున కరవు చూడడానికి వచ్చి, కరవు పనికొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తేల్చాడు. అదే ఏడాది చివర మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలో ఉప్పు పన్ను మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెరిగింది. ఇది దాదాపు 37 కిలోల సర్కారు మణుగు, మన ఇళ్లలో ఒకప్పుడు తూచిన చిన్న మణుగు కాదు. ఆకలితో ఎండిన ఒంటికి ఉప్పు ఇంకా అవసరమైన రోజుల్లో సుమారు 40 శాతం పన్ను పెంపు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే, అమెరికాలో న్యూహేవెన్ అనే ఊళ్లో ఒక ఒంటరి మనిషి మన రెండు పటాలకూ తల్లివేరు లాంటి సూత్రం రాస్తున్నాడు. యేల్ విశ్వవిద్యాలయంలో జోసయ్య విలర్డ్ గిబ్స్. 1871లో ఆచార్యుడయ్యాడు గాని తొలి తొమ్మిదేళ్లు ఆయనకు జీతం లేదు. 1876లో ఒక భాగం, 1878లో ఇంకో భాగంగా, మూడు వందల పేజీల వ్యాసాన్ని కనెక్టికట్ అకాడమీ పత్రికలో అచ్చువేశాడు. చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఒకడు. గిబ్స్ రాసిన పాత వ్యాసం ఒకటి చదివి ముచ్చటపడి 1874లోనే నీటిలాంటి పదార్థం రూపాలు చూపే దిమ్మను తన చేత్తో మలిచి, దాని ప్లాస్టర్ అచ్చు గిబ్స్‌కు పంపించాడు.

గిబ్స్ సూత్రం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. వ్యవస్థలో ఎన్ని పదార్థాలున్నాయో లెక్కపెట్టు, రెండు కలుపు, అందులోంచి ఎన్ని ప్రావస్థలు కలిసి ఉన్నాయో తీసెయ్యి. మిగిలిన అంకె నీకున్న స్వేచ్ఛ: ఎన్నింటిని నీ ఇష్టం వచ్చినట్టు మార్చగలవో. ఒంటరి నీరు, మూడు రూపాలు కలిసిన చోట: ఒకటికి రెండు కలిపి మూడు తీస్తే సున్నా. అందుకే ఆ చోటు కదలదు. ఉప్పు మడిలో ఉప్పూ నీరూ రెండు పదార్థాలు. పలుకులు, ఉప్పునీళ్లు, పైన నీటి ఆవిరి మూడు ప్రావస్థలు. రెండుకు రెండు కలిపి మూడు తీస్తే ఒకటి. ఒక్క ఉష్ణోగ్రత నిర్ణయమైతే అన్నీ నిర్ణయమైనట్టే. పలుకులు పడుతున్నంతసేపూ నీటి చిక్కదనం ఎందుకు నిలబడిపోతుందో ఇందాక చూశాం కదా, దాని వెనక ఉన్న కారణం ఇదే.

ఆ సూత్రం ప్రయోగశాలలకు చేరడానికి మనుషుల మధ్య చాలా పోట్లాటలు పట్టాయి. లండనులో ఫ్రెడరిక్ గత్రీ 1870లలో ఉప్పునీళ్లను గడ్డకట్టించి, ఒక్కో లవణానికి ఒక్కో స్థిరమైన పాళ్ల దగ్గర, స్థిరమైన చలిలో అంతా ఒకేసారి బిగుసుకుపోవడం గమనించాడు. స్థిరంగా ఉంది కాబట్టి అది కొత్త రసాయన సమ్మేళనమే అనుకున్నాడు. కాదు, రెండు వేర్వేరు పలుకుల ముద్ద అని మిగతావాళ్లు తేల్చారు. హాలండులో రోజ్‌బూమ్ తన ప్రయోగాల అంకెలతో తలపట్టుకున్నప్పుడు, గిబ్స్ వ్యాసం చూడమని దారి చూపింది వాన్ డెర్ వాల్స్. అప్పటినుంచి రోజ్‌బూమ్ జీవితమంతా ప్రావస్థ పటాలకే పోసేశాడు. జర్మనీలో ఓస్ట్‌వాల్డ్ 1892లో గిబ్స్‌ను అనువదించాడు. రసాయన శాస్త్రంలో తొలి నోబెల్ అందుకున్న వాంట్ హాఫ్, స్టాస్‌ఫుర్ట్ ఉప్పు గనుల్లో ఒక్కో పొర ఏ వరుసలో ఎందుకు పేరుకుందో ఇదే సూత్రంతో ఏళ్ల తరబడి విప్పాడు. అంటే చౌడు మన్ను దిబ్బ మీద వచ్చే ప్రశ్ననే ఆయన యూరపులో గని స్థాయిలో అడిగాడు.

ఇక సురేకారానికి పట్టిన గతి మరోరకం. క్రిమియా యుద్ధ కాలంలో, 1850లలో, భారతదేశపు సురేకారం మీద ఇంగ్లండు పట్టు చూసి జర్మన్లు వేరే దారి వెతికారు. చిలీ ఎడారిలో సోడియం నైట్రేటు దండిగా దొరుకుతుంది. దాన్ని పొటాషియం క్లోరైడుతో కలిపి వేడి నీళ్లలో మరిగిస్తే మామూలు ఉప్పు వేడి మీద అడుగున పడుతుంది. మిగిలిన నీళ్లు చల్లార్చితే సురేకారం సూదులు కడుతుంది. స్టాస్‌ఫుర్ట్ గనుల్లో 1861 నుంచి పొటాషియం లవణాలు దొరకడంతో ఆ పద్ధతి పెద్ద కార్ఖానాలకెక్కింది. ఇందాకటి మన బాన లెక్క గుర్తు చేసుకోండి. అదే నిలువు కదలిక, అదే రెండు గీతల తేడా. మన పల్లెల పొయ్యి మీద నడిచిన కిటుకే కార్ఖానా ఎత్తున తిరిగొచ్చి మన పొయ్యిల గిరాకీని తగ్గించింది.

ఇటు ఇంట, సురేకారం తీసేవాళ్ల మీద ఉప్పు శాఖ కన్ను పడింది. సురేకారం తీస్తే పక్కన ఉప్పు వస్తుంది కదా, ఆ ఉప్పు పన్ను కట్టకుండా బయటికి పోకూడదు. విడదీయడంలో ఎంత నేర్పు ఉంటే అంత అనుమానం. 1882లో పన్ను తగ్గి మణుగుకు 2 రూపాయలయింది, 1888లో మళ్లీ 2 రూపాయల 8 అణాలకు ఎక్కింది. 1889లో మద్రాసు ఉప్పు చట్టం వచ్చింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో దత్త మండలంలో మన్ను ఉప్పు తయారీని అణచివేశారు. 1904లో ఫ్రాన్సిస్ రాసేనాటికి అది గడిచిపోయిన సంగతి.

ఉప్పరవాళ్లు ఏమయ్యారు? మట్టి పని వాళ్లకు చేతనవును. చెరువు కట్టలు, బావులు, కాలవలు, రోడ్లు, ఇళ్ల గోడల వైపు మళ్లారు. సగరులుగా చెప్పుకునే ఆ కులం ఇప్పుడు ఎన్నో పనుల్లో ఉంది. తరం మారేసరికి ఏ మన్ను ఉప్పు మన్ను, ఏది సురేకారపు మన్ను అన్న తేడా, ఎప్పుడు నీళ్లు వదిలేయాలన్న లెక్క చేతులు దాటిపోయాయి. 1930లో గాంధీ ఉప్పు చట్టం మీద సముద్రపు ఒడ్డున సవాలు విసిరాడు. 1931 ఒప్పందంలో సముద్రతీరాన ఉప్పు దొరికే ఊళ్లవాళ్లు తమ వాడకానికి చేసుకునే వీలు దొరికింది. 1947లో ఉప్పు పన్ను పోయింది. కానీ పన్ను పోయినా మోడలు మళ్లీ లేవలేదు. రైలు ఉప్పు అప్పటికే అలవాటయింది. చట్టం ఎత్తేసినంత సులభంగా చేతి పని తిరిగి రాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దొరల పుస్తకాలు ఈ పనిని మోటు పద్ధతి అన్నాయి. పరికరం మోటుదే, మట్టి దిబ్బ, వెదురు గొట్టం, గచ్చు మడి. కానీ ఒకే మన్నులోంచి వచ్చే రెండు లవణాల్లో ఒకదానికి ఎండ, ఇంకోదానికి మంటా రాత్రీ అని తెలిసి నడిపిన పని వెనక లెక్క ఉంది. గిబ్స్ కాగితం మీద రాసిన అంకెలు ఆ పనివాడి చేతి కింద అనుభవంగా ఉన్నాయి. రెండింటినీ కలపగలిగే బడి ఆ కాలంలో ఆదోని తాలూకాలో ఒక్కటి పెట్టి ఉంటే ఈ సీమ చరిత్ర కొంచెమైనా వేరుగా ఉండేదని నేను నమ్ముతాను.

ఇంతవరకూ మన పటాల్లో కరగడం, గడ్డకట్టడం, ఆవిరవడం చూశాం. పదార్థం గడ్డగా ఉంటూనే లోపల రూపు మార్చుకుంటే? వచ్చే భాగంలో నిజామాబాదు సీమలోని కోనసముద్రం వెళ్తాం. మట్టి మూసలో ఇనుమూ బొగ్గూ కలిసి ఉక్కు ముద్దగా మారిన ఊరు అది. ఇస్ఫహాన్ నుంచి పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఆ ఉక్కును యూరపు కమ్మర్లు తెల్లగా కాలేదాకా కాల్చి సుత్తి వేస్తే పెళ్లలుగా ఎందుకు విరిగిపోయింది, ఎర్రగా ఉండగానే కొట్టినవాడి కత్తి మీద నీటి అలల్లాంటి చారలు ఎలా వచ్చాయి, లండనులో ఫారడే దాని గుట్టు కోసం ఎంత తంటాలు పడ్డాడు, రోజ్‌బూమ్ 1900లో గీసిన ఇనుము–కార్బన్ పటం ఆ చిక్కును ఎలా విప్పింది: అవన్నీ అక్కడే చెప్పుకుందాం.